మే నెలలో మూడు వందల లీటర్ల సముద్రం

హైదరాబాద్‌లో సైదాబాద్ వైపు ఒక గల్లీలో ఆ షాపు కనుక్కోవడం కష్టం కాలేదు. గుమ్మం బయట విప్పి పెట్టిన ఫ్రిజ్ కంప్రెసర్లు, వాటి పక్కనే గోడకు ఆనించిన గాజు పలకలు కనిపించాయి. మధ్యాహ్నం రెండున్నర, బయట 41 డిగ్రీల ఎండ. స్లాబు కింద ఉన్న లోపలి గదిలో గోడ థర్మామీటరు 36 చూపిస్తోంది. ఆ గదిలో ఓ మూల మూడు వందల లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో నీళ్లు 28.6.

షాపు ఆయనకు యాభై దాటాయి. పాతికేళ్లు ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసి, ఆ చేత్తోనే మెరైన్ ట్యాంకుల పనిలోకి వచ్చాడు. ఎండలు ముదిరితే ఆయన ఫోను ఆగదు. "డిసెంబర్‌ల ట్యాంక్ కొంటరు సార్, మే నెల సంగతి ఎవ్వరడగరు" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. ఆ మాటలో విసుగు లేదు, బాధే ఉంది.

ఇలాంటి ట్యాంకుల్లో నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. 28 దాకా చాలా చేపలు సర్దుకుంటాయి. 30 దాటితే ఇబ్బంది రెండువైపుల నుంచీ వస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. మామూలుగానే ఉప్పునీళ్లు మంచినీళ్లంత ఆక్సిజన్ పట్టుకోలేవు. చేప పైకి తేలి, మొప్పలు గబగబా ఆడిస్తోందంటే ఊపిరి అందడం లేదని అర్థం.

పగడాలకైతే తేడా ఇంకా చిన్నది. ఎండాకాలంలో అవి ఉండే సముద్రం మామూలుగా చేరే వేడికి ఒక్క డిగ్రీ ఎక్కువై వారాల తరబడి నిలిస్తే చాలు, పగడం తన ఒంట్లోనే ఉంటూ తనకు తిండిపెట్టే సూక్ష్మమైన నాచును బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. లక్షదీవుల్లో 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో ఇదే జరిగింది. మన దేశపు పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రం నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకోకూడదు. ఈయన దగ్గర పగడాలు లేవు. రెండు క్లౌన్ చేపలు, రెండు రొయ్యలు, సందులు సందులుగా ఉన్న రాళ్లు, అంతే. చేపలు హేచరీలో పుట్టినవి. క్లౌన్ చేపల చేత హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏనాడో సాధించింది.

మూడు గంటలకు పని మొదలుపెట్టాడు. ట్యాంకు మీది గాజు మూత తీసి, చేపలు బయటికి ఎగరకుండా సన్నని వల బిగించాడు. కంప్యూటర్లలో ఉండేలాంటి చిన్న ఫ్యాన్లు రెండు, నీటి మీదికి ఏటవాలుగా గాలి కొట్టేలా అంచుకు తగిలించాడు. లైటు పొద్దున్నుంచీ వెయ్యలేదు. ఎండాకాలంలో సాయంత్రం ఆరు దాటాకే వేస్తాడట.

"రంజన్‌ల నీళ్లెట్ల చల్లగైతయో, ఇది గట్లనే సార్."

రంజన్ అంటే మంచినీళ్ల మట్టికుండ. ఆ లెక్క ఎంత గట్టిదో కాగితం మీద వేసి చూస్తే తెలుస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకుపోయే వేడి చాలా ఎక్కువ. అర లీటరు ఆవిరైతే మూడు వందల లీటర్ల ట్యాంకు దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. అయితే గది వేడి, పంపుల వేడి అటునుంచి ఎక్కిస్తూనే ఉంటాయి కాబట్టి అంకె నెమ్మదిగా దిగుతుంది. ఆ నెమ్మది కూడా కావలసిందే. ఒక్కసారిగా మూడు డిగ్రీలు పడిపోతే ఆ దెబ్బ వేడి దెబ్బకు తీసిపోదు.

ఇదే ఫ్యాను విశాఖలో ఇలా పనిచేయదు. హైదరాబాద్ మే నెల గాలి పొడిగాలి. 40 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 25 శాతమే ఉంటే, ఆవిరి పద్ధతితో నీళ్లను 24 దాకా దించే అవకాశం లెక్క ప్రకారం ఉంది. సముద్రపు ఒడ్డున 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున అదే పద్ధతి 30 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు. గదికి ఏసీ వెయ్యాలి, లేదా నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొనాలి. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో సముద్రపు చేపను చల్లగా ఉంచడం మనకంటే కష్టమన్న సంగతి ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

ఫ్యానుతో ఒక చిక్కుంది. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు. ఈ ట్యాంకులో రోజుకు ఐదు లీటర్లు తగ్గుతున్నాయి. మూడు రోజులు వదిలేస్తే లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉండాల్సిన ఉప్పు 37కి చేరుకుంటుంది. తగ్గిన మేరకు ఆర్వో మంచినీళ్లే పొయ్యాలి. ఉప్పునీళ్ల ట్యాంకు కదా అని చాలామంది ఉప్పు కలిపిన నీళ్లే పోస్తారట. గాజు మీద ఆయన మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచాడు. ఆ గీత పైన, అంచంతా, తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ట్యాంకు నీళ్లలోనే జాడించాడు.

చిల్లర్ సంగతి అడిగితే బల్ల కింద నుంచి రెండు చుట్టలు తీసి నా చేతుల్లో పెట్టాడు. ఒకటి ఫ్రిజ్ నుంచి తీసిన ఎర్రటి రాగి గొట్టం. రెండోది బూడిద రంగులో ఉంది, పట్టుకుంటే బరువే తెలియడం లేదు. టైటానియం. చిల్లర్ కూడా లోపల ఫ్రిజ్ లాంటిదే, కాకపోతే నీళ్లు తాకే చుట్ట టైటానియంతో ఉండాలి. ఉప్పునీళ్లు రాగిని తినేస్తాయి. కరిగిన ఆ రాగి రొయ్యలకు, పగడాలకు విషం. చేపల పరాన్నజీవి జబ్బుకు రాగి మందు వాడేటప్పుడు కూడా చేపల్ని వేరే ట్యాంకులోకి మార్చే వాడతారు. డబ్బు కలిసొస్తుందని ఒకాయన పాత ఫ్రిజ్ చుట్టను నేరుగా నీళ్లలో దించాడట. నీళ్లు బాగానే చల్లబడ్డాయి. మర్నాటికి రొయ్యలన్నీ పోయాయి.

చిల్లర్ నీళ్లలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది. దాన్ని ట్యాంకు కింది అరలో పెట్టి తలుపు మూసేస్తే ఆ వేడిలోనే అది ఆయాసపడుతుంది. ఆయనకొచ్చే రిపేర్లలో సగం ఇవేనట.

ఐస్ గురించి కూడా అడిగాను. ఐస్ ముక్కలు నేరుగా వేస్తే ఉప్పు పలచబడుతుంది. మూత బిగించిన సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి సంపులో తేలేయాలి. మనకు సంపంటే ఇంటి ముందు భూమిలో ఉండేది, వీళ్లకు ట్యాంకు కింద ఫిల్టరు ఉండే చిన్న తొట్టి. లీటరు సీసాలు మూడు కరిగితే ఈ ట్యాంకు దాదాపు ఒక డిగ్రీ దిగుతుంది. ఆయన డీప్ ఫ్రీజర్‌లో అలాంటివి ఆరు ఉన్నాయి.

ఐదింటికి థర్మామీటరు 27.9 చూపించింది. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు, పంపు, గది ఫ్యాను అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆయన మాట్లాడుతున్న వాక్యం మధ్యలో వదిలేసి గోడకు తగిలించిన బ్యాటరీ ఎయిర్ పంపు అందుకున్నాడు, దాని గొట్టం నీళ్లలో వేశాడు. బుడగలు మొదలయ్యాక ఫ్రీజర్ తెరిచి ఒక్క సీసా తీసి సంపులో వదిలాడు. రెండోది తియ్యలేదు. ఒక స్టీలు చెంబుతో ఆర్వో నీళ్లు తెచ్చి, సెల్‌ఫోన్ లైటు వెలుగులో, గీత దాకా కొంచెం కొంచెంగా పొయ్యడం మొదలుపెట్టాడు. చేపలు రెండూ బుడగల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.