అత్తయ్య చన్నీళ్ళు

కార్తీకమాసం వచ్చిందంటే మా అత్తయ్యని ఆపడం ఎవరి తరమూ కాదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, చన్నీళ్ళు గుమ్మరించుకుని, తడిచీరతోనే తులసికోట దగ్గర దీపం పెట్టాల్సిందే. 50 ఏళ్ళ నోము మరి!

కిందటేడు మూడోరోజుకే ఆవిడ వేళ్ళ చివర్లు నేరేడుపళ్ళ రంగు తిరిగాయి. మూత్రం కాఫీ డికాషన్‌లా వచ్చిందని నా చెవిలో చెప్పి, "అబ్బాయితో అనకే" అన్నారు. అనకుండా ఎలా ఉంటాను?

పరీక్షకి తీసిన రక్తం గొట్టంలోనే ముద్దలు కట్టిందిట. ఒంటివేడికి, అంటే 37 డిగ్రీలకి, తెస్తే మళ్ళీ విడిపోయిందిట! జబ్బు పేరు కోల్డ్ అగ్లుటినిన్ డిసీజ్ అన్నారు డాక్టరుగారు.

ఆయన చెప్పిందాంట్లో నాకర్థమైంది ఇదీ. వేళ్ళూ, చెవులూ చల్లబడగానే ఒకరకం యాంటీబాడీలు మన ఎర్రకణాలనే పరాయివనుకుని పట్టుకుంటాయి. వెచ్చటి చోటికి రాగానే వదిలేస్తాయి. కానీ ఈలోగా కణం మీద సి3బి అనే ముద్ర పడిపోతుంది. ముద్రపడ్డ కణాన్ని లివరులోని కాపలా కణాలు మింగేస్తాయి. 120 రోజులు బతకాల్సింది మధ్యలోనే పోతుంది.

"మరి అన్నీ పోవాలి కదండీ?" అన్నాను.

పోవుట! కణానికి సి.డి.55, సి.డి.59 అని రెండు కవచాలున్నాయి. ఒకటి ముద్రలు పెరగకుండా చూస్తే, రెండోది కణానికి చిల్లు పడనివ్వదు. లివరుని తప్పించుకున్న కణం మీది ముద్ర తెగి తెగి, చివరికి సి3డి అనే చిన్న ముక్క మిగులుతుంది. దాన్ని కాపలా కణాలు పట్టించుకోవు. అది నిండా ఉంటే కొత్త ముద్ర పడటమూ కష్టమే. కూంబ్స్ పరీక్షలో కనబడింది ఆ ముక్కేనట.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య నవ్వారు. "నాకూ మా అత్తగారు బోలెడు ముద్రలు వేశారమ్మాయ్. అరిగి అరిగి మచ్చలయ్యాయి. తర్వాత ఎవరేమన్నా అంటలేదు."

"మచ్చలున్నాయని మళ్ళీ దెబ్బలకి ఎదురెళతామా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు.

ఈ ఏడు కార్తీకం మొదటిరోజు, నాలుగింటికి నా తలుపు తట్టారు. "అమ్మాయ్, కాసిని వేణ్ణీళ్ళు పెట్టు."

స్నానమయ్యాక పొడిచీర కట్టుకుని, కాళ్ళకి మేజోళ్ళూ, చేతులకి ఉన్నితొడుగులూ వేసుకుని తులసికోట దగ్గరకొచ్చారు. ఆ తొడుగులతో అగ్గిపుల్ల గీయడం రాలేదు. పెట్టె నా చేతికిచ్చారు.

ఈ ఇంటికొచ్చి ఇరవయ్యేళ్ళయింది. ఆ దీపం నాచేత వెలిగించడం అదే మొదలు.