పండగైనాక గోకర్ణంలో నడక – మా చీనీ తోట లెక్క

పది రోజులుగా పేజీలో ఏమీ రాయలేదేమని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసినారు. సంక్రాంతి అయినాక ఇంటిల్లిపాదీ గోకర్ణం పోయొచ్చినాం. గుడికి పోయొచ్చినామని రాస్తే ఒక్క లైనులో అయిపోతుంది. అయితే మేము గుడితో ఆగలేదు. సముద్రం ఒడ్డు పట్టుకుని, కొండలెక్కి దిగి, ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కి ఐదు బీచ్‌లు నడిచినాం. ఆ నడక గురించి రాస్తా. పొడుగు పోస్టు, తీరికున్నప్పుడు చదవండి.

ముందు ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాల. మాకు రెండెకరాల చీనీ తోట ఉంది, తొమ్మిదేండ్ల చెట్లు. పదిహేనేండ్లలో నాలుగు బోర్లు వేసినాం, మూడింట్లో దుమ్మే లేసింది. ఆడేది ఒక్కటే. అది పోయిన వేసంగికి రెండించీలు పోసేది. దీపావళికి ఇంచిన్నరకు పడింది. ఇప్పుడు ఇంచి. ఇంకో బోరు వేద్దామని లక్షన్నర కూడబెట్టి పెట్టుకున్నా. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బోడి మాట వేరు. "నాయనా, ఆ దుడ్డు భూమిలోకి పోసేకంటే తోట అమ్మేసి మా దగ్గరికి వచ్చేయండి" అంటాడు. ఆరు నెలలుగా ఇదే మాట. ఫోన్లో మొదలుపెడితే ఇద్దరిలో ఒకరు కట్ చేసేదాకా పోతుంది.

పండక్కి వచ్చినప్పుడు కోడలే అనింది. "మామా, ఇంట్లో కూర్చుంటే మీరిద్దరూ మళ్లీ ఇదే ఎత్తుకుంటారు. నాలుగు రోజులు యాడికన్నా పోదాం పదండి" అని. మా ఇంటామెకి యాభై రెండేండ్లు, ఇంతవరకు సముద్రం చూడలేదు. ఆ మాట విన్నాక నేను కాదనలేకపోయినా. వేరుశనగ అమ్మేసినాం, కంది నూర్చినాం, చేన్లో తొందర పనులు లేవు. ఆవుకు పాలు పిండేది మా తమ్ముడు ఒప్పుకున్నాడు. కరెంటు వచ్చినప్పుడు మోటారు వేసేది పక్క చేను మామ చూసుకుంటానన్నాడు. మన లాంటోళ్లు కదలాలంటే ఇట్లా నలుగురు భుజం పట్టాల్సిందే.

గుంతకల్లులో రైలెక్కి బళ్లారి, హొసపేట, గదగ్ మీదుగా హుబ్బళ్లి దిగినాం. హొసపేట దాటేటప్పుడు మనవడికి చెప్పినా, మన జిల్లాకు వచ్చే తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు ఈడినుంచే అని. హుబ్బళ్లి నుంచి బస్సు. ఎల్లాపుర దగ్గర నుంచి అడవి, వక్క తోటలు, తర్వాత ఆరబైలు ఘాట్ దిగితే అంకోలా. కాళ్లకు చెప్పుల్లేకుండా రాష్ట్రపతి దగ్గర పద్మశ్రీ తీసుకున్న తులసి గౌడ ఫోటో మీరందరూ ఫోన్లో చూసే ఉంటారు. అడవి చెట్ల నారు పోసి బతుకంతా గడిపిన ఆమె ఈ అంకోలా పక్క హొన్నళ్లి ఊరామె. 2024 డిసెంబరులో కన్నుమూసింది. ఆమె కులం హాలక్కి ఆడవాళ్లే గోకర్ణం వీధుల్లో ఆకుకూరలు, కాయగూరలు అమ్ముతుంటారు, మెడ నిండా పూసల దండలు వేసుకుని.

మరుసటి రోజు తెల్లవారి ఆరున్నరకు నడక మొదలుపెట్టినాం. నేను, మా ఇంటామె, కొడుకు, కోడలు, ఎనిమిదేండ్ల మనవడు. బూట్లు కొనిస్తానని అబ్బోడు అంటే మా ఇంటామె ఒప్పుకోలేదు, చేనికి వేసుకునే చెప్పులే వేసుకుంది. రెండు లీటర్ల సీసాలు ఆరు, చిత్రాన్నం, అరటిపండ్లు మోసుకున్నాం. పన్నెండు లీటర్ల నీళ్లు భుజానికి తగిలించుకుని సముద్రం పక్కన నడవడం ఎట్లుంటుందో చూడండి. మా ఇంటామె నీళ్లలోకి పాదం పెట్టి, చేత్తో తీసుకుని నాలుకకు తగిలించుకుని ఉమ్మేసింది. "ఇన్ని నీళ్లు పెట్టుకుని గుక్కెడు పనికి రావే!" అనింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పెద్ద బీచ్ దక్షిణం కొసకు పోతే కొండ మొదట్లో రామ మందిరం ఉంది. అక్కడ కొండలోంచి ఊట నీళ్లు ధారగా పడతాయి, రామతీర్థం అంటారు. కొన్ని అడుగుల కింద సముద్రం, పైన తియ్యటి నీళ్లు. మనవడు ఇటు తాగి అటు చప్పరించి, "జేజినాయనా, పక్కపక్కనే ఉండి ఇట్లెట్లా?" అని అడిగినాడు. నాకు తెలిసింది చెప్పినా. ఆ కొండంతా లేటరైట్ రాయి. ఎర్రగా, జల్లెడ మాదిరి బొక్కలు బొక్కలుగా ఉంటుంది. ఆ తీరంలో ఏడాదికి 3000 మిల్లీమీటర్ల పైనే వాన. మనకు 550 అంటే మంచి ఏడు. ఆ వానలో కొంత ఆ రాయి తాగుతుంది, లోపల దాచుకుని అడుగున కొంచెం కొంచెంగా వదులుతుంది. వానాకాలం పోయి మూడు నెలలైనా ధార పడతానే ఉంది.

మెట్లెక్కి కొండ మీదికి పోతే ఇంకో సంగతి. పైన అంతా బల్లపరుపు ఎర్రరాయి, దాని మీద ఎండిపోయిన గడ్డి. అచ్చం మన బీడు మాదిరే. అంత వాన పడే సీమలో జనవరికి గడ్డి పసుపురంగుకు తిరిగింది. ఆకాశం నుంచి ఎంత పడిందనేది ఒక లెక్క, నేల ఎంత పట్టుకుందనేది ఇంకో లెక్క. ఈ మాట మనకు కొత్త కాదు, కానీ వాన కరువే లేని చోట చూస్తే గట్టిగా తగిలింది.

అరగంట నడిస్తే కింద కుడ్లె బీచ్. మళ్లీ కొండెక్కి ఇంకో అరగంటకు ఓం బీచ్. పైనుంచి చూస్తే రెండు వంపులు, మధ్యలో రాళ్ల ముక్కు, నిజంగానే ఓంకారం రాసినట్టు ఉంటుంది. ఇక్కడిదాకా రోడ్డు ఉంది, అంగళ్లు ఉన్నాయి, జనం ఉన్నారు. ఆ తర్వాత హాఫ్ మూన్, ప్యారడైజ్ అని రెండు బీచ్‌లు. వాటికి రోడ్డు లేదు. నడవాల, లేదంటే పడవలో పోవాల. ఓం బీచ్‌లో ఒక పడవాయనను అడిగితే మధ్యాహ్నం దాకా ఆటే, రాళ్ల మీద పోవచ్చు, పోటు మొదలైతే పోవద్దు అని చెప్పినాడు. మా అనంతపురం సరిహద్దు వాళ్లకు కన్నడ వచ్చు కాబట్టి సరిపోయింది.

హాఫ్ మూన్‌కు పోయే దారి కొండ అంచు పట్టుకుని పోతుంది. ఒకచోట ఒక మనిషి పట్టేంత వెడల్పే. ఎడమ పక్క కొండ, కుడి పక్క నేరుగా కింద రాళ్లు, వాటి మీద అలలు. మా ఇంటామె ఆగిపోయింది. "నేను రాను, మీరు పోండి" అనింది. అబ్బోడు ముందుకు పోయినోడు వెనక్కి వచ్చి, వాళ్లమ్మ చేతిలోని సంచి తీసుకున్నాడు. కోడలు ముందు నిలబడి, "అత్తా, కిందికి చూడొద్దు, నా వీపు చూసుకుంటా రా" అని చెయ్యి పట్టుకుని దాటించింది. నేను మనవడి చొక్కా కాలరు పట్టుకుని వెనక నడిచినా. పది నిమిషాల దారి అది. ఆ పది నిమిషాలు ఎవ్వరూ తోట మాట ఎత్తలేదు.

హాఫ్ మూన్ చిన్నది. మేము పోయినప్పుడు అక్కడ నలుగురు కూడా లేరు. కొబ్బరి నీడలో చిత్రాన్నం తిన్నాం. ఆడినుంచి ప్యారడైజ్‌కు పెద్ద పెద్ద నల్లరాళ్లు ఎక్కి దిగాల. పాచి పట్టిన రాయి మీద కాలు జారుతుంది, తడి రాయి వదిలి పొడి రాయి చూసుకుని నడవాల. ప్యారడైజ్ చేరేసరికి పదకొండున్నర. మోసుకొచ్చిన పన్నెండు లీటర్లలో మూడు మిగిలినాయి. మా ఇంటామె సీసాలు వరసగా పెట్టి, "ఇంకా ఎంత దూరం?" అని అడిగింది. బేలెకాన్ దాకా గంట పడుతుందని అబ్బోడు అన్నాడు. "అట్లయితే పిల్లోడికి ఒక సీసా పక్కన పెట్టండి. మిగిలింది నలుగురం గుక్క గుక్క తాగుదాం" అనింది. తర్వాత నా దిక్కు తిరిగి, "చూసినావా, ఉన్న నీళ్లు చూసి కదా పంచుకుంటాండేది. తోటకు మాత్రం లేని నీళ్లు చూసి పంచుతాండావు" అనింది.

అబ్బోడు నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంచి నీళ్లకు రెండెకరాలు. రాబోయే బోరులో పడతాయో లేదో తెలియని నీళ్ల మీద ఆ లెక్క నడుస్తాంది.

మరుసటి రోజు ఆటోలో సాణికట్టా వైపు పోయినాం. అఘనాశిని నది సముద్రంలో కలిసే చోటు అది. ఆ నది మీద ఆనకట్ట లేదు. ఒకపక్క ఉప్పు మడులు, ఇంకోపక్క కట్టలు వేసిన పొలాలు, వాటిని గజని అంటారు. పోటుకు ఉప్పునీళ్లు ఎక్కే పొలాలు. వాటిలో కగ్గ అనే వడ్లు పండిస్తారు. కట్ట మీద కూర్చున్న ఒక రైతును పలకరిస్తే ఓపికగా చెప్పినాడు. తొలకరి వానలకు నేలలో ఉప్పు కడిగేసుకుపోతుంది, అప్పుడు మొలక కట్టిన విత్తనం చల్లుతారు. పైరు మనిషెత్తు పెరుగుతుంది, వరదలో మునిగినా తట్టుకుంటుంది, కొంచెం ఉప్పు ఎక్కినా చావదు. ఎరువు వేయరు, మందు కొట్టరు. అక్టోబరులో వెన్ను మాత్రమే కోసుకుని గడ్డి నీళ్లలోనే వదిలేస్తారు. ఆ గడ్డి కుళ్లి చేపలకు, రొయ్యలకు మేత. కోత అయినాక తూము ఎత్తి పోటు నీళ్లు వదిలితే అదే మడిలో రొయ్యలు.

"దిగుబడి ఎట్లుంటుందన్నా?" అని అడిగినా. మామూలు వరి కంటే తక్కువే అన్నాడు. రొయ్యల మీద లాభమని చాలామంది కగ్గ వదిలేసినారంట. ఈయన మాత్రం ఇంటి తిండికని పెడతానే ఉన్నాడు. ఉప్పును తోలేయడానికి కాలువలు, పంపులు ఏమన్నా చేసినారా అంటే, "సముద్రాన్ని యాడికి తోలతాం?" అన్నాడు. ఉప్పు వచ్చే కాలం ఉప్పుది, వాన వచ్చే కాలం వడ్లది. వాళ్ల సాగంతా ఆ రెండు కాలాల మధ్యే.

అబ్బోడు ఈ మాటలు నాకంటే శ్రద్ధగా విన్నాడు. రైల్లో తిరిగొచ్చేటప్పుడు వాడే మొదలుపెట్టినాడు, ఈసారి అమ్మేద్దామని కాదు. "నాయనా, ఉన్న ఇంచి నీళ్లు ఎన్ని చెట్లకు సరిపోతాయి?" అని అడిగినాడు. నూట ముప్పై చెట్లకు, డ్రిప్పుతో, అడుగున వేరుశనగ పొట్టు పరిస్తే, అన్నా. అంటే ఒక ఎకరా. గదగ్ నుంచి గుంతకల్లు దాకా ఐదుమందిమీ కాగితం మీద లెక్క వేసినాం.

చివరికి అనుకున్నది ఇది. కొత్త బోరు వద్దు. దిగువ ఎకరాలో మన్ను లోతు, ఆ చెట్లు నిలబెట్టుకుందాం. పై ఎకరాలో చెట్లు తీసేసి తొలకరికి కొర్ర, కంది. లక్షన్నరలో కొంత పెట్టి చేని దిగువ మూలలో నీటికుంట తవ్విద్దాం, మిగిలింది బ్యాంకులోనే ఉండనీ. అమ్మే మాట రెండేండ్లు పక్కన పెడదామని అబ్బోడు ఒప్పుకున్నాడు. పూర్తిగా వదిలేస్తానని వాడు అనలేదు. రెండేండ్ల తర్వాత బెంగళూరు రానని నేనూ అనలేదు.

చెప్పుకోవడానికి తేలిక. పై ఎకరాలో తొమ్మిదేండ్ల చెట్లున్నాయి, పోయినేడు కాయ కాసినవే. నిన్న పొద్దున పోయి ఒక్కొక్క చెట్టూ చూసుకుంటా తిరిగినా. గొడ్డలి ఇంకా పట్టలేదు. ఉన్న కాయ దించినాక ఫిబ్రవరి చివర్లో తీయాలనుకుంటున్నాం.

మీలో ఎవరన్నా గోకర్ణం పోవాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పోండి. వానాకాలంలో పడవలు తిరగవు, రాళ్ల దారి ప్రమాదం. నడక పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. చలికాలమైనా మధ్యాహ్నం ఎండ మన ఎండ మాదిరే కాలుస్తుంది, ఉక్క పోస్తుంది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. ఆటు పోటు అక్కడోళ్లను అడగందే రాళ్ల మీదికి పోవద్దు. మోకాళ్ల లోతు దాటి నీళ్లలోకి దిగొద్దు, ఏటా అక్కడ మునిగిపోయిన వార్తలు వస్తానే ఉంటాయి. నడవలేని పెద్దోళ్లుంటే ఓం బీచ్ దాకా ఆటోలో పోయి అక్కడ పడవెక్కొచ్చు.

ఇంకో మాట. చీనీ తోట సగం తీసేసి మెట్ట పంటకు తిరిగినోళ్లు మన పేజీలో ఎవరన్నా ఉంటే చెప్పండి. మొద్దులు పెరికించినారా, కోసి వదిలేసినారా? వేర్లున్న నేలలో మొదటి ఏడు కంది ఎట్లొచ్చింది? నాకు ఇప్పుడు ఆ సంగతి కావాల.