మూసీ ఒడ్డున మాటల పండుగ

హైదరాబాదుకు పడమటి దిక్కున నార్సింగి అనే ఊరున్నది. ఒకప్పుడు అక్కడ చేలూ, పెద్దపెద్ద బండలూ వుండేవి. ఆ బండల వయసు 250 కోట్ల సంవత్సరాలట! ఇప్పుడు వాటిని పగలగొట్టి ముప్ఫై, నలభై అంతస్తుల మేడలు కట్టారు. ఊరి పక్కనే మూసీ నది పోతుంది. గండిపేట చెరువు గేట్లు ఎత్తిన రోజున నార్సింగికీ, మంచిరేవులకూ మధ్య దారి మీదికి నీరు వచ్చేస్తుంది. పోలీసులు దారి మూసేస్తారు. మిగిలిన రోజుల్లో అక్కడ నది వున్నదనే చాలామందికి గుర్తుండదు.

2025 జనవరిలో మా మేనల్లుడు సెలవులకు మా ఇంటికి వచ్చాడు. వాడికి పదకొండేళ్ళు. చదువులో చురుకైనవాడే కాని, వాడికి నత్తి. క్లాసులో మేష్టరు పాఠం చదవమంటే కడుపునొప్పి అని బయటికి పోతాడట.

ఆ శనివారం వాణ్ణి రాయదుర్గం తీసుకుపోయాను. మా ఊరికి అది పది కిలోమీటర్ల లోపే. అక్కడి నాలెడ్జి సిటీలో హైదరాబాదు సాహిత్యోత్సవం జరుగుతున్నది. 2010లో మొదలైన ఈ ఉత్సవం ఆ ఏడు జనవరి 24 నుంచి 26 దాకా మూడు రోజులు జరిగింది. టిక్కెట్టు లేదు, ఎవరైనా వెళ్ళవచ్చు. కంప్యూటర్ల కంపెనీలుండే అద్దాల మేడల మధ్య తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో కవిత్వం వినబడటం నాకు భలే తమాషాగా తోచింది.

మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. కాగితం చూసి చదివేవారి కన్న, చూడకుండా చెప్పేవారే వాడికి నచ్చారు.

"మామయ్యా, మధ్యలో మ-మరిచిపోతే ఏం చేస్తారు?" అన్నాడు.

"మన తెలుగులో అవధానులనేవారున్నారు. వాళ్ళకు మరిచిపోయే వీలే లేదు," అన్నాను.

అష్టావధానంలో ఒక్క కవి చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూచుంటారు. ఒకరు అర్థంపర్థం లేని పాదమొకటి ఇచ్చి, దానికి అర్థం వచ్చేలాగా పద్యం పూర్తి చెయ్యమంటారు. ఇంకొకరు నాలుగు మాటలిచ్చి, అవి నాలుగూ పద్యంలో రావాలంటారు. నిషిద్ధాక్షరి అడిగేవారు మరీ గడుసువారు. కవి ఒక అక్షరం చెప్పగానే, తరవాత ఏ అక్షరం వస్తుందో వూహించి, "అది వద్దు!" అంటారు. కవి మరో అక్షరం వెతుక్కోవాలి. ఈ గొడవలో ఒకాయన అప్రస్తుత ప్రసంగమని వేళాకోళం ప్రశ్నలు వేస్తూంటాడు. దానికీ నవ్వుతూ జవాబు చెప్పాలి. మరొకరు మధ్యమధ్య గంట కొడతారు. ఎన్ని గంటలైనదీ లెక్క తప్పకూడదు. చిట్టచివర, ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ వరసగా అప్పజెప్పాలి. దీన్నే ధారణ అంటారు. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ జంటగా ఊరూరా అవధానాలు చేసి, తమను ఓడించగలవారుంటే రమ్మని మీసాలు పెంచారు!

"మరి వాళ్ళకి ప-పద్యమే ఎందుకు? మామూలుగా చెప్పచ్చుగా?"

పద్యమైతేనే గుర్తుంటుంది. గురువు లఘువుల నడక వున్నది గనక, తరవాతి మాట ఎంత పొడుగుండాలో ముందే తెలుస్తుంది. పట్టాలు వేసివుంటే రైలు దారి తప్పనట్టే. ఇందులో ఇంకొక విశేషం కూడా వున్నది. నత్తి వున్నవారిలో చాలామందికి లయతో పలికినా, పాడినా, నలుగురితో కలిసి అన్నా నత్తి బాగా తగ్గిపోతుంది. వైద్యులు ఈ సంగతి ఏనాడో గమనించారు. ఇందుకు కారణాలేమిటో ఇంకా పరిశోధిస్తూనే వున్నారు. ఈ మాట అప్పుడు వాడితో అనలేదు. అనాలనిపించింది, కాని వాడి జబ్బు సంగతి ఎత్తితే వాడు ముడుచుకుపోతాడు.

మర్నాడు మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, మహాత్మా గాంధీ బస్ స్టేషను వద్ద దిగాము. అక్కడి నుంచి ఉస్మానియా ఆస్పత్రికి నడిచాము. మా నార్సింగి పక్కనుంచి పోయే మూసీయే ఇక్కడికి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి ఊరిని ముంచేసింది. పదిహేను వేలమంది పోయారంటారు. ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టున్నది. దాని కొమ్మలు పట్టుకుని నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారట. మళ్ళీ ఇలాంటి వరద రాకుండా విశ్వేశ్వరయ్యగారు వేసిన పథకం వల్లనే 1920లో గండిపేట చెరువు తయారయింది.

ఆ వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తన తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఆయన ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఆ వరదను గురించి కవిత రాశాడు. నాలుగు పాదాల రుబాయీలు చెప్పటంలో గొప్ప పేరు సంపాదించి, 1961లో కన్నుమూశాడు.

ఉర్దూ కవుల సభను ముషాయిరా అంటారు. పూర్వం ఎవరి వంతు వస్తే వారి ముందు దీపం పెట్టేవారు. కవి మొదటి పాదం రెండుసార్లు చెబుతాడు. వినేవారు కూడా అందుకుంటారు. రెండో పాదం చివర వచ్చే మాటను ముందే పసికట్టి, కవితో బాటు అందరూ ఒక్కసారిగా అనేస్తారు. బాగున్నదనిపిస్తే, "ముకర్రర్!" అంటారు. మళ్ళీ చెప్పమని అర్థం.

"మళ్ళీ చ-చెప్పమంటే, తప్పు చేశాడని కాదా?" అన్నాడు మావాడు ఆశ్చర్యంగా. బళ్ళో వాడికి ఆ మాట వేరే అర్థంలో అలవాటు.

సాయంత్రం నార్సింగిలో మా మేడ పైకి వెళ్ళాము. పిట్టగోడ పక్కన వాచ్‌మన్ తాతా, ఇద్దరు ముగ్గురు పిల్లలూ వున్నారు. దూరంగా మూసీ సన్నగా తీగలాగా కనిపిస్తున్నది. మావాడు నదిని గురించి తాను కట్టిన నాలుగు పాదాలు చెబుతానన్నాడు. మొదటిది బాగానే వచ్చింది. రెండో పాదంలో "మ" దగ్గర మాట ఆగిపోయింది. వాడి మొహం ఎర్రబడింది. ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. మావాడు దిగిపోతాడనే అనుకున్నాను. వాడు పిట్టగోడ మీద వేళ్ళతో తాళం వేశాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో దెబ్బకు మాట బయటికి వచ్చింది. మిగిలిన రెండు పాదాలూ ఆ తాళం మీదనే నడిచాయి.

"బాగుంది బిడ్డా, ఇంకొక్కసారి చెప్పు," అన్నాడు వాచ్‌మన్ తాత.

మావాడు నా వంక చూసి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.