చలి చేసే పని

మా వల్లూరు ఇళ్లల్లో ద్రాక్షను ద్రాక్షి అంటాం. బళ్లో నేర్చిన కన్నడ మాట ఇంటి తెలుగులో కలిసిపోయింది.

వియోనియే అని ఒక తెల్ల ద్రాక్షి ఉంది. ఫ్రాన్సులో రోన్ నది పక్కన కాండ్రియూ దానికి పేరుపొందిన చోటు. 1960ల్లో అక్కడే దాదాపు అంతరించిపోయింది. ఇప్పుడు బెంగళూరు పక్కన, నంది కొండల దగ్గర గ్రోవర్ తోటల్లో కాస్తోంది. ఆఫీసు వాళ్లతో పోయి చూశా. గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే ఆప్రికాట్ పండు, పూల వాసన. తియ్యగా ఉంటుందనుకుంటాం, తాగితే తీపి ఉండదు.

ఈ కాయకి తీపి ముందొస్తుంది, వాసన ఆలస్యంగా వస్తుంది. తొందరపడి కోస్తే వాసన లేదు. మరీ ఆగితే పులుపు పోయి వైన్ చప్పబడుతుంది. ఫ్రాన్సులో చలికాలం తీగను నిద్రపుచ్చుతుంది. మా వైపు అంత చలి లేదు. అందుకే ద్రాక్షి తోటల్లో ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు-అక్టోబరుల్లో ఇంకోసారి కొమ్మలు కత్తిరిస్తారు. చలి చేసే పని మనిషి చేస్తాడన్నమాట.

వల్లూరులో మాకు తెలుగు నేర్పింది వీధే. మా పాప పెరిగే అపార్ట్‌మెంటులో ఆ వీధి లేదు. అవ్వ తెలుగులో అడిగితే కన్నడలో జవాబు చెప్తుంది. వీధి చేసే పని ఇక మేమే చేయాలి. అందుకే రోజూ రాత్రి అవ్వకి ఫోను. తెలుగులోనే.