రాతిలో దాగిన రెక్కలు

ఐష్టెట్‌లో పాత ఇళ్ల పైకప్పులు చూస్తే వింతగా ఉంటుంది. పెంకులు కావు, రేకులు కావు... పలుచటి సున్నపురాతి పలకలు! జర్మనీలో మ్యూనిక్‌కి ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో, ఆల్ట్‌మ్యూల్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్నమిది. మెయిన్‌లైన్ స్టేషన్లో దిగి, అక్కణ్నుంచి ఊళ్లోకి మరో బుల్లి రైలెక్కాలి. పక్కనే ఉన్న సోల్న్‌హోఫెన్ పేరుతో ఈ రాయి ప్రపంచమంతటా ప్రసిద్ధి.

మనకి తాండూరు బండలెలాగో వీళ్లకి ఇది అలాగ. కాకపోతే మన తాండూరు, కడప బండలు ఎముకలున్న జంతువులు పుట్టకముందు నాటివి. సోల్న్‌హోఫెన్ రాయి వయసు పదిహేను కోట్ల ఏళ్లు. అప్పుడిక్కడ లోతు తక్కువ సముద్రం, మధ్యమధ్య దీవులు. అడుగునీళ్లలో ఉప్పు ఎక్కువై, ప్రాణవాయువు తగ్గి ఏ జీవీ బతికేది కాదు. దాంతో మునిగిన కళేబరాన్ని పీక్కుతినే నాథుడే లేడు. మెత్తటి సున్నపు బురద దాన్ని మెల్లగా కప్పేసేది. అలా భద్రంగా మిగిలిన వాటిలో టెరోసార్లూ ఉన్నాయి. అంటే ఎగిరే సరీసృపాలు. చాలామంది అనుకుంటున్నట్టు ఇవి డైనోసార్లు కావు, వాటికి దగ్గరి చుట్టాలు.

ఈ జీవుల బొమ్మలు గీసి, పక్కన వర్ణన రాసుకునే సరదా ఉన్నవాళ్లు ఊరికి ఆనుకుని ఉన్న విల్లిబాల్డ్స్‌బుర్గ్ కోటెక్కాలి. జురా మ్యూజియం అందులోనే ఉంది. 'నల్లరెక్క' అని ముద్దుగా పిలిచే రాంఫోరింకస్ శిలాజం ఈ మ్యూజియం సొత్తే. దాంట్లో ఎముకలే కాదు, రెక్క పొర కూడా నిలిచింది.

పెన్సిల్ పట్టేముందు వేళ్లు లెక్కపెట్టండి. గబ్బిలం రెక్కని నాలుగు వేళ్లు గొడుగు పుల్లల్లా మోస్తాయి. పక్షి రెక్క ఈకలతో తయారవుతుంది. టెరోసార్‌కి ఉన్న ఆధారం ఒకే ఒక్క వేలు. బొటనవేలు మొదలుకుని లెక్కపెడితే నాలుగోది, అంటే మన ఉంగరం వేలు! అదే చాంతాడులా సాగిపోయింది. మిగతా మూడూ గోళ్లతో పొట్టిగా మణికట్టు దగ్గర ఉండిపోయాయి. ఆ పొడుగు వేలి కొస నుంచి వెనక్కి ఒంటిదాకా తోలు పొర. రాంఫోరింకస్‌కైతే పొడుగాటి తోక, దాని చివర ఆకులాంటి ముక్క అదనం. సినిమా పోస్టర్లలో గబ్బిలం రెక్కలు తగిలించి చేతులు దులుపుకుంటారు గానీ, ఆ ఒక్క వేలు సరిగ్గా గీస్తే సగం బొమ్మ వచ్చినట్టే.

ఇది చెప్పినంత తేలికైతే పెద్దపెద్ద పండితులు తడబడేవారే కాదు. మొదటి శిలాజాన్ని 1784లో వర్ణించింది కొసీమో కొల్లీని. ఫ్రెంచి రచయిత వోల్టేర్ దగ్గర ఒకప్పుడు కార్యదర్శిగా చేసినాయన. ఇది సముద్ర జంతువై ఉంటుందనుకున్నాడు. 1800లో స్ట్రాస్‌బర్గ్‌కి చెందిన యోహాన్ హెర్మన్, బొచ్చూ రెక్క పొరా చేర్చి బొమ్మ గీసి పారిస్‌లోని కువియేకి పంపాడు. కువియే 1801లో ఇది ఎగిరే సరీసృపమని తేల్చాడు. 'రెక్క వేలు' అన్న అర్థం వచ్చేలా 1809లో పేరూ పెట్టాడు. అయినా వాదం ఆగలేదు. 1812లో జోమరింగ్ గబ్బిలం లాంటిదన్నాడు. 1830లో వాగ్లర్ ఆ రెక్కల్ని తెడ్లు చేసి పెంగ్విన్‌లా ఈదించాడు. 1843లో న్యూమన్ అనే ఆంగ్లేయుడు ఏకంగా బొచ్చు గబ్బిలంగా గీసేశాడు. ఎవరికి తెలిసిన జంతువుని వాళ్లు రాతి మీదికి ఎక్కించారన్నమాట. తమాషా ఏంటంటే, వీటికి ఒళ్లంతా సన్నటి నూగు ఉండేదని ఇప్పుడు తెలుసు. నేల మీద నాలుగు కాళ్లతో నడిచేవనీ పాదముద్రలు చెప్పాయి.

అందుకే ఈ అభిరుచి ఉన్నవాళ్లకి ఓ సలహా. బొమ్మ పక్కన రెండు వరుసలు పెట్టుకోండి. ఒకదాంట్లో రాతిలో కనిపించింది, రెండోదాంట్లో మీరు ఊహించింది. వేలి పొడవు మొదటి వరుసలోకి వెళ్తుంది. ఒంటి రంగు చాలావరకు రెండోదే. రెండో వరుస ఖాళీగా ఉందంటే మనల్ని మనం మోసం చేసుకుంటున్నట్టే! ఒక్కోసారి రెండో వరుసలోది మొదటిదాంట్లోకి వస్తుంది కూడా. ఇక్కడి శిలాజాల మీద అతినీలలోహిత కాంతి వేసి, మామూలు కంటికి ఆనని చర్మం జాడలెన్నో బయటపెట్టిన హెల్ముట్ టిష్లింగర్ వృత్తిరీత్యా బడిపంతులు.

బొమ్మలకీ ఈ రాయికీ ఇంకో బంధం ఉంది. 1796లో సెనెఫెల్డర్ శిలాముద్రణ కనిపెట్టింది ఈ రాతితోనే. నునుపైన పలక మీద జిడ్డు సుద్దతో గీసి, తడిపి, సిరా పూస్తే గీసినచోటే అంటుకుంటుంది. రవివర్మ లక్ష్మీ సరస్వతులు మన పూజగదుల్లోకి వచ్చింది ఈ శిలాముద్రణ పుణ్యమానే.

ఊరి బయట బ్లూమెన్‌బర్గ్ క్వారీలో సుత్తీ ఉలీ అద్దెకి తీసుకుని పిల్లలు రాళ్లు చీలుస్తుంటారు. టెరోసార్ దొరకడం లాటరీయే. పలకల మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్లటి అచ్చులు మాత్రం బోలెడు. వాటిని చూసి మొక్కలనుకునేరు... పగుళ్లలోకి ఇంకిన ఖనిజాల గీతలవి!

మన ప్రాణహిత-గోదావరి లోయలో, కోట రాతిపొరల్లో దొరికిన ఓ దవడ ముక్కని 1974లో టెరోసార్‌దిగా వర్ణించారు. కాదేమోనన్న అనుమానాలు ఆ తర్వాత వచ్చాయి. అనుమానం లేనిది చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లొచ్చు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి ఎముకలతో నిలబెట్టిన కోటసారస్ అక్కడుంది. అది ఎగిరేది కాదు, డైనోసార్. కానీ ఎంతసేపు గీసినా కదలకుండా నిలబడుతుంది. స్కెచ్‌బుక్కు మాత్రం మర్చిపోవద్దు.