బఖ్షిష్ ఫర్జ్ అయితే?

బెంగళూరుకు పెళ్లి బజారు చేయడానికి పోయొచ్చిన మా ఖాలా కొడుకు ఒక హోటల్ బిల్లు తెచ్చి నా ముందు పెట్టాడు. "భాయ్, నువ్వు పేపరోడివి కదా, ఇది జాయిజా కాదా చెప్పు" అన్నాడు. ఆరుగురు తిన్నారు. బిర్యానీ, కబాబ్, ఫాలూదా అన్నీ కలిపి 2,400 రూపాయలు. దాని కింద సర్వీస్ ఛార్జి 10 శాతం, 240. ఆ రెండూ కలిపిన మొత్తం మీద జీఎస్టీ 5 శాతం, 132. అంతా కలిపి 2,772. "జీఎస్టీ సర్కారుది, సరే. ఈ 240 ఎవరిది?" అని వాడి సవాల్.

సవాల్ చిన్నదే గానీ మా ఇంట్లో బహస్ రెండు రోజులు నడిచింది. "పాపం పిల్లలు నిలబడి వడ్డిస్తారు, పోనీలేరా" అని అమ్మీ. "ఇవ్వాలనుకుంటే మన చేత్తో మనమే ఇస్తాం, వాళ్లే రాసుకునేదేంది?" అని మా బేగం. ఇంటర్ చదివే నా బేటీ మాత్రం, "అమెరికాలో అందరూ ఇయ్యాల్సిందేనంట అబ్బా. ఇక్కడా టిప్పును ఫర్జ్ చేసేస్తే గొడవే ఉండదు కదా" అంది. ఫర్జ్ అనే మాట అది నవ్వులాటకే వాడింది. నాకు మాత్రం అసలు విషయం ఆ మాటలోనే ఉందనిపించింది. టిప్పు ఫర్జా, నఫిలా? నేను ముఫ్తీని కాను, ఇది ఫత్వా కాదు. కానీ ఫర్జ్‌కూ నఫిల్‌కూ తేడా మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు కాబట్టి ఆ మాటలతోనే మాట్లాడుకుందాం.

ముందు కానూన్ సంగతి. సర్వీస్ ఛార్జి అనేది సర్కారు పన్ను కాదు. వెనుకటికి సర్వీస్ టాక్స్ అని ఒకటి ఉండేది. 2017 జులైలో జీఎస్టీ రావడంతో అది పోయింది. పేర్లు దగ్గరగా ఉండటంతో ఇదీ అదేననుకొని చాలామంది మాట్లాడకుండా కట్టేస్తారు. సర్వీస్ ఛార్జి గ్రాహకుడి మర్జీ అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. 2022 జులై 4న సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఇంకా గట్టిగా చెప్పింది. హోటళ్లు తమంతట తామే బిల్లులో సర్వీస్ ఛార్జి కలపకూడదు. వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు. ఇవ్వనన్నవాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపకూడదు. దాన్ని కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు.

రెండు హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయి అదే నెల 20న స్టే తెచ్చుకున్నాయి. దాదాపు మూడేళ్లు కేసు నడిచింది. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఫైస్లా ఇచ్చారు. సర్వీస్ ఛార్జి గానీ టిప్పు గానీ గ్రాహకుడు ఖుషీతో ఇచ్చేదే తప్ప తప్పనిసరి కాదని తేల్చి, సీసీపీఏ మార్గదర్శకాలు సరైనవేనని, ఒక్కో సంఘం లక్ష రూపాయల ఖర్చులు కట్టాలని చెప్పారు. సంఘాలు దాని మీద అప్పీలుకు పోయాయి. కాబట్టి మా ఖాలా కొడుక్కి నేను చెప్పిన జవాబు ఇంతే: ఈసారి బిల్లు రాగానే తీసేయమని అదబ్‌తోనే అడుగు. తీయకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యి. ఆ తర్వాత వడ్డించినవాడి చేతిలో నీ దిల్‌కు తోచింది పెట్టు.

కానూన్ తేల్చినంత మాత్రాన బహస్ తీరిపోదు. బేటీ మాటలో దమ్ము లేకపోలేదు. టిప్పు మన మూడ్ మీద నడుస్తుంది. మంచి బట్టలేసుకొని నవ్వుతూ వడ్డించినవాడికి దొరుకుతుంది. లోపల డేగ్ ముందు చెమటలు కక్కే బావర్చీకి, సింకు దగ్గర ప్లేట్లు కడిగే ఆపాకు నయాపైసా రాదు. అందుకే ఛార్జిగా వసూలు చేసి అందరికీ పంచుతామని హోటళ్లవాళ్ల దలీల్. వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది. మరి పంచుతున్నారా లేదా అన్నది టేబుల్ దగ్గర కూర్చున్న మనకెట్లా తెలుస్తుంది? బిల్లు మీద 240 అని కనపడుతుంది. అది గల్లాపెట్టెలోకి పోయాక ఎవరి జేబులోకి పోయిందో రాసిన కాగితం మనకు కనపడదు.

మా రొళ్లలో అయితే ఈ మస్లానే లేదు. తెల్లారి ఇడ్లీ, ఉగ్గాని, మధ్యాహ్నం ముద్ద, చారు పెట్టే చిన్న హోటళ్లలో వడ్డించేది ఆ ఇంటివాళ్లే. రెండు రూపాయల చిల్లర లేకపోతే "ఉండనీలే" అంటాం, రేపు వాళ్లకు చిల్లర లేకపోతే వాళ్లూ అదే అంటారు. వడ్డించిన పిల్లోడికి టిప్పు ఇస్తే వాళ్ల నాయన "ఎందుకు సామీ" అని వెనక్కిచ్చేస్తాడు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే దర్శినులు. టోకెన్ తీసుకొని మన దోసె మనమే తెచ్చుకొని నిలబడి తినడం, అక్కడా టిప్పు సంగతి రాదు. టిప్పు మొదలయ్యేది బెంగళూరు ఏసీ హోటళ్లలో, సోంపు ప్లేటు మీద బిల్లు పెట్టే చోట.

కానీ ఆ సోంపు ప్లేటు తెచ్చే చేతులు మనవే. శెనక్కాయ పంట ఎండిన ఏళ్లలో రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ నుంచి బెంగళూరు బస్సెక్కిన పిల్లలు ఎంతమందో. మా చిన్న మామూ వాళ్లలో ఒకరు. పదిహేడేళ్లకు క్లీనర్‌గా చేరి, తర్వాత సప్లయర్‌గా పద్నాలుగేళ్లు ఒకే బిర్యానీ హోటల్లో చేశారు. చేరిన రోజే సేఠ్ "జీతం ఇంత, మీదికి టిప్స్ ఉంటాయి" అన్నాడంట. ఆ మీదికి అన్న మాటతోనే మామూ జిందగీ నడిచింది. జీతం పెంచమంటే, "వారానికి నీకెంత టిప్పు పడుతుందో నాకు తెలియదా?" అనేవాడు. శ్రావణంలో మాంసం తినేవాళ్లు తగ్గి టేబుళ్లు ఖాళీగా ఉంటే టిప్పు పడేది కాదు. ఆ నెల జీతం పెంచుతారా అంటే అదీ లేదు.

మోకాళ్లు అరిగి పని మానేసిన రోజు అసలు లెక్క తెలిసింది. పీఎఫ్ జమ అయ్యేది జీతం మీదే. సోంపు ప్లేటులో పడిన నోట్లను పీఎఫ్ దఫ్తర్ లెక్కపెట్టదు. టిప్పు ఈఎస్ఐ లెక్కలో కూడా జీతం కాదని సుప్రీంకోర్టు ఒక హోటల్ కేసులో చెప్పింది. పద్నాలుగేళ్లు తక్కువ జీతం, అందుకు తగ్గట్టే తక్కువ పీఎఫ్. మామూ ఇప్పటికీ అంటారు: "టిప్పు చేతిలో పడిన రోజు ఖుషీయే భాంజా. కానీ ఆ టిప్పు పేరు చెప్పి సేఠ్ నా జీతం తినేసినాడు."

బేటీ చెప్పిన అమెరికా కూడా చూద్దాం. అక్కడ కానూన్ ప్రకారం టిప్పు ఫర్జ్ కాదు, రివాజు ప్రకారం ఫర్జ్. 15 నుంచి 20 శాతం పెట్టకపోతే ఎదుటివాళ్ల మొహం మారిపోతుందని అక్కడున్న మన పిల్లలే చెబుతారు. ఎందుకంటే టిప్పు వచ్చే పనివాళ్లకు మాలిక్ గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని అక్కడి ఫెడరల్ చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు. టిప్పులతో కలిపి అంత రాకపోతేనే మాలిక్ మిగతాది పూరించాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ రెండు రకాల లెక్కను ఒప్పుకోలేదు, అందరికీ పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. మిగతా చాలాచోట్ల మా మామూ సేఠ్ నోటితో చెప్పిన లెక్కే చట్టమై కూర్చుంది. బ్రిటన్ ఇంకో దారి పట్టింది. ఇవ్వాలా వద్దా అన్నది తినేవాడి ఇష్టానికి వదిలేసి, ఇచ్చిందంతా కోత లేకుండా పనివాళ్లకే చేరాలని 2024 అక్టోబర్ 1 నుంచి చట్టం అమలు చేస్తోంది. జపాన్‌లో టిప్పు రివాజే లేదు, అయినా వడ్డనలో తక్లీఫ్ ఏమీ లేదు.

ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి రెండు మాటలు నన్ను వదలవు. ఒకటి బఖ్షిష్. తెలుగులోకి బక్షీసుగా వచ్చింది. ఉర్దూలో అల్లా మన గునాహ్‌లను మాఫ్ చేయడాన్ని కూడా బఖ్షిష్ అనే అంటాం. అడిగే హక్ లేనిచోట దయతో ఇచ్చేది అని దాని మానా. రెండోది మామూల్. ఉర్దూలో రివాజుగా జరిగేది అని అర్థం. తెలుగులో అదే మామూలైంది. దాన్ని బహువచనం చేసి "మామూళ్లు" అంటే మాత్రం ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు, అది లంచం. మొదట ఎవరో ఖుషీతో చేతిలో పెట్టి ఉంటారు. తర్వాత అది ప్రతిసారీ పెట్టాల్సిందే అయింది. చివరికి పెట్టకపోతే పని జరగనిదైంది. బఖ్షిష్‌ను తప్పనిసరి చేస్తే అది మామూలవుతుందని మన భాషే మనకు చెబుతోంది. ఇచ్చేవాడిలో ఖుషీ పోతుంది, తీసుకునేవాడికి ఇజ్జత్ పోతుంది. లాభపడేది మధ్యలో ఉన్న గల్లాపెట్టె.

కాబట్టి నా రాయ్ ఇది. ఫర్జ్ కావాల్సింది ఉజ్రత్, అదీ మాలిక్ మీద. మజ్దూర్ చెమట ఆరకముందే అతని ఉజ్రత్ అతనికి అందాలన్న తాలీమ్ మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ జిమ్మేదారీ పని చేయించుకున్నవాడిది. జీతాలకు చాలకపోతే బిర్యానీ ధరే పది రూపాయలు పెంచి మెనూ మీద రాయమనండి. తినేవాడు చూసి తింటాడు, లేకపోతే లేచిపోతాడు. ధోకా ఉండదు. టిప్పు మాత్రం నఫిల్‌గానే ఉండాలి. నఫిల్ అంటే వదిలేసేది అని కాదు కదా, మనసున్నవాళ్లు వదలరు. కోర్టు తీర్పును కంజూసీకి పర్దాగా వాడుకోవద్దు. 240 తీయించి మీసం మెలేసి, ప్లేటులో పది రూపాయలు కూడా పెట్టకుండా వచ్చేస్తే గెలిచిందెవరు? ఇచ్చేది నోటుగా, వడ్డించినవాడి చేతికే ఇవ్వండి. వీలైతే "లోపల బావర్చీకి కూడా" అని చెప్పి ఇవ్వండి.

ఇక హోటల్ సేఠ్‌ను అడిగే ముందు మనల్ని మనం అడగాల్సింది ఒకటుంది. మన ఇళ్లలో నిఖా, వలీమా, అఖీఖా జరుగుతాయి. షాదీఖానాలో వెయ్యి మందికి దస్తర్‌ఖాన్ వేస్తాం. వడ్డించే పిల్లలను కేటరింగ్ గుత్తేదారు తెస్తాడు. ఆ రోజుకు మాలిక్ ఎవరు? మనమే. వాళ్లకు రోజుకు ఎంత మాట్లాడారో, అది ఆ రాత్రే చేతిలో పడుతుందో లేదో, ఆఖరి మెహమాన్ లేచాక వాళ్లకు బిర్యానీ మిగిలిందో లేదో మనలో ఎంతమంది అడుగుతాం? దూల్హా తరఫు పెద్దాయన ఒక వంద నోటు విసిరితే దాన్ని టిప్పు అనుకుంటాం. దానికంటే ముందు వాళ్ల హక్ ఉంది.

ఈసారి మీ ఇంట్లో దావత్ కుదిరినప్పుడు గుత్తేదారుతో ప్లేటు రేటు మాట్లాడేటప్పుడే, వడ్డించే ఒక్కో మనిషికి ఎంత ఇస్తున్నావని కూడా అడగండి. పెళ్లి ఖర్చులు రాసుకునే కాపీలో జర్దా కింద ఆ లెక్క కూడా రాయండి. వాళ్లు అన్నం తిన్నాకే షాదీఖానా తాళం వేయండి. ఆ తర్వాత మీ ఖుషీ కొద్దీ ఇచ్చేది ఎంతైనా అదే నిజమైన బఖ్షిష్.