మాత్రా ఉండాలి, పది నిమిషాలూ ఉండాలి

మన లైన్ ఇళ్లలో షుగరు ఉందని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. బీపీ మాత్ర చేతిలో పెట్టుకునే పక్కింటి అక్కతో కబుర్లు చెప్తాం. మనసు జబ్బుకు మాత్ర మింగాలంటే మాత్రం తలుపేసుకుంటాం. నేను ఆరేళ్లుగా మింగుతా ఉన్నాను. ఇంకొకరికి పనికొస్తుందని ఆ తలుపు తీసి నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకున్న జబ్బును బైపోలార్ అంటారు. మనసు రెండు వైపులా తప్పుతుంది. కిందికి పోయినప్పుడు చాప మీది నుంచి లేవబుద్ధి కాదు, బిడ్డ పిలిచినా పలకబుద్ధి కాదు. పైకి పోయినప్పుడు మూడు గంటలు పడుకున్నా అలుపుండదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. కిందికి పోతే జబ్బని అందరికీ తెలుస్తుంది. పైకి పోతే, "పర్వాలేదే, పిల్ల ఇప్పుడు ఉషారుగా ఉండాది" అనుకుంటారు. అపాయం అక్కడే ఉంది.

గుడియాత్తంలో బస్సెక్కి రాయవేలూరు పోయి, బాగాయంలో ఉన్న సీఎంసీ వాళ్ల మానసిక ఆసుపత్రిలో చూపించుకున్నాం. 1957లో మొదలైన ఆసుపత్రి అది. చేర్చుకుంటే పేషంటును ఒంటరిగా ఉంచరు, ఇంటివాళ్లు ఒకరు తోడుండాలి. నా తోడు మా అత్త ఉన్నింది. జబ్బేమిటో, మాత్ర ఎందుకో, ఏ గుర్తులు కనబడితే పరిగెత్తి రావాలో నాతోపాటు ఆమె కూడా నేర్చుకుంది.

మనసు కుదుటపడి ఇంటికొచ్చిన కొన్ని నెలలకు, చూపించుకోను పోయినప్పుడు అక్కడి సిస్టరమ్మ ఒకరు ధ్యానం నేర్పించారు. మంత్రం లేదు, ఏ దేవుడి పేరూ లేదు. వీపు గోడకు ఆనించి కూచోవాలి. కళ్లు సగం తెరిచే ఉండొచ్చు. ఊపిరి లోపలికి పోయేది, బయటికి వచ్చేది గమనించాలి. మనసు బియ్యం కార్డు మీదికో, అప్పు మీదికో పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి. అంతే, పది నిమిషాలు.

రింగ్ ఫ్రేమ్ దగ్గర నిలబడిన వాళ్లకు ఇది కొత్త పని కాదు. షిఫ్టులో ఎన్నిసార్లు దారం తెగుతుందో లెక్కుందా? తెగిందని ఏడుస్తూ కూచోం, అతికి ముందుకు పోతాం. మనసుతోనూ అదే పని.

ఈ పద్ధతిని ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అంటారు. బౌద్ధుల ధ్యానం నుంచి తీసుకుని, 1979లో అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన ఆసుపత్రిలో నొప్పులతో బాధపడేవాళ్లకు నేర్పించడం మొదలుపెట్టారు. తరవాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు దాన్ని డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల కోసం 8 వారాల పాఠంగా మార్చారు. 2000లో వాళ్లు బయటపెట్టిన పరీక్షలో, మూడుసార్లో అంతకంటే ఎక్కువో డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లను చూస్తే, ఏడాది పైన కాలంలో మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్లలో నూటికి 66 మందికి జబ్బు తిరగబెట్టింది. పాఠం కూడా నేర్చుకున్నవాళ్లలో 37 మందికే తిరగబెట్టింది. రెండుసార్లే వచ్చినవాళ్లకు ఆ లాభం కనబడలేదు. వాళ్లందరూ జబ్బు దిగిన తరవాత నేర్చుకున్నవాళ్లు. నాలాంటి బైపోలార్ వాళ్లకు అంత గట్టి రుజువు లేదు. అందుకే దీన్ని మందు అని నేను చెప్పను.

చుట్టాల్లో ఒకాయన మా ఇంటికొచ్చి, "ఎన్నాళ్లు మింగుతావు ఈ మాత్రలు? అన్నీ మానేసి పది దినాలు మౌన శిబిరంలో కూచో, పోతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను డాక్టరమ్మను అడిగినాను. వద్దన్నారు. రోజంతా కూచోవడం, నిద్ర తగ్గడం నాలాంటివాళ్లను పైకి లేపేయవచ్చు. విపశ్యన శిబిరాల నియమాల్లోనే, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఈ శిబిరం సరికాదని రాసి ఉంటుంది. నేర్పేవాళ్లే వద్దంటున్నప్పుడు మనమెందుకు పట్టుబట్టాలి?

మరి ఈ పది నిమిషాల వల్ల నాకేమి లాభం? పోయిన ఏడాది మే నెలలో గంగమ్మ శిరసు జాతరకు ముందు తెలిసింది. ఇంటినిండా చుట్టాలు, మిల్లులో రెండు నైట్ షిఫ్టులు వరసగా పడినాయి. ఒక పొద్దున కూచుంటే రెండు ఊపిర్లు కూడా వరసగా చూడలేకపోయినాను. తలలో పది రేడియోలు. ఒళ్లు మాత్రం తేలిగ్గా, హాయిగా ఉంది. రోజూ కూచునేదాన్ని కాబట్టి ఆ తేడా తెలిసింది. లేచి మా అత్తతో, "అత్తా, నాకు శానా బాగుంది, అదే భయంగా ఉంది" అన్నాను. ఆమెకు అర్థమైంది. "పొయ్యి సంగతి నేను చూసుకుంటా, నువ్వు మావతో బస్సెక్కు పాపా" అనింది.

డాక్టరమ్మ మాత్ర సరిచేసి, నైట్ షిఫ్టు వద్దని చీటీ రాసిచ్చారు. మేస్త్రీ గొణిగాడు, అయినా మార్చాడు. ఈసారి ఆసుపత్రిలో చేరలేదు. జాతరలో అమ్మవారి శిరసు మా వీధికొచ్చినప్పుడు బిడ్డను ఎత్తుకుని నిలబడి చూసినాను.

ధ్యానం జబ్బును ఆపలేదు, జబ్బు వస్తా ఉందని ముందే చెప్పింది. ఆపింది మాత్ర, నిద్ర, ఇంటివాళ్లు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లు ఉంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. డాక్టరును అడిగి మొదలుపెట్టండి, ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. నిద్ర మానుకుని కూచోవద్దు. మనసు బాగా కిందికి పోయిన దినాన కళ్లు మూసుకుని కూచుంటే చెడ్డ తలపులే తిరుగుతాయి. ఆ దినం గిన్నెలు తోముతా నీళ్ల చల్లదనం గమనించినా చాలు, వీధి చివరిదాకా నడిచినా చాలు. లిథియం మాత్ర వాడేవాళ్లు మిల్లు వేడిలో నీళ్లు తాగడం మరవద్దు, ఒళ్లునొప్పి మాత్రలు సొంతంగా మింగవద్దు. చచ్చిపోవాలనే తలపు వస్తే ఒంటరిగా ఉండవద్దు, వెంటనే ఎవరికైనా చెప్పాలి. 14416కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలైనా మాట్లాడతారు. సర్కారుది, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇంటివాళ్లకు ఒక్క మాట. మీ కోడలో, కొడుకో పొద్దున పది నిమిషాలు ఊరికే కూచుంటే సోమరితనం అనుకోవద్దు. ఆ కాసేపు పొయ్యి మీరు చూసుకోండి.